84 డిగ్రీల గీత దగ్గర నడక ట్రాక్: ఒకే దారికి మూడు పొడవులు వస్తున్నాయి, ఏది రాయాలి?

కిమిడి_కాలిబాట

కాశీనగర్ వైపు కొండ కింద మొదలై, సవర గూడేల మీదుగా, పర్లాకిమిడి వైపు దిగే కాలిబాటని మ్యాప్ మీదికి ఎక్కిస్తున్నాం. 84 డిగ్రీల తూర్పు రేఖాంశపు గీత ఈ దారికి అడ్డంగా పోతుంది. గ్రామసభ కాగితంలో దారి పొడవు కిలోమీటర్లలో రాయాలి. చేతిలో ఉన్నవి ఇవి:

చేతి జీపీఎస్ (రికార్డింగ్ ఆటోలో ఉంది), ఫోన్ యాప్ (సెకనుకో పాయింటు). రెండూ ఒకే మనిషి దగ్గర, ఒకే నడకలో. మొత్తం 9 నడకలు, 9 రోజులు, పరికరానికి 9 చొప్పున జీపీఎక్స్ (నడక పాయింట్లు దాచే) ఫైళ్లు. అన్నీ క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను.

ఇబ్బందులు నాలుగు.

ఒకటి: చేతి జీపీఎస్ తెర మీద 14.2 కిలోమీటర్లు, ఫోన్‌లో 17.9. ఫోన్ ట్రాక్‌లోని అడ్డదిడ్డం గీతలన్నీ చేత్తో చెరిపి, ఆ గీతని క్యూజీఐఎస్‌లో కొలిస్తే 15.7.

రెండు: దారి మీద చెట్లు, చెలమలు, గట్లు ఉన్న చోట్ల లిస్టు ఒకటి ఆఫీసు నుంచి వచ్చింది, ఈస్టింగ్, నార్తింగ్ (తూర్పుకి, ఉత్తరానికి మీటర్లలో కొలిచిన అంకెలు) అని 22 వరసలు. జోన్ 44 పెట్టి వేస్తే 8 దారి మీద పడ్డాయి, 14 నిజామాబాద్ దగ్గర పడ్డాయి! జోన్ 45 పెడితే ఆ 14 సరిపోయాయి, మిగతా 8 బంగాళాఖాతంలో తేలాయి.

మూడు: తేదీ ప్రకారం విడగొడితే 9 నడకలు 13 అయ్యాయి.

నాలుగు: ఫైళ్లన్నీ కలిపి పాయింట్లని గీతగా మారిస్తే సాలెగూడు వస్తోంది.

ఇదంతా ఆ 84 డిగ్రీల గీత వల్లేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

గుణుపురం_బండి

గీత వల్లే తమ్ముడూ. యూటీఎం అంటే భూమిని 6 డిగ్రీల వెడల్పు జోన్లుగా కోసి మీటర్లలో కొలిచే పద్ధతి. అందులో జోన్ 44 అంటే 78 నుంచి 84 డిగ్రీల తూర్పు వరకు, జోన్ 45 అంటే 84 నుంచి 90 వరకు. గుణుపురం, కాశీనగర్ 44లో ఉన్నాయి, పర్లాకిమిడి 84.09 కాబట్టి 45లో ఉంది. నీ దారి సరిగ్గా ఆ గీతని దాటుతోంది. ట్రాక్‌ని గీత దగ్గర రెండు ముక్కలు చేసి, పడమటి ముక్కని 32644లో (జోన్ 44 కోడు), తూర్పు ముక్కని 32645లో (జోన్ 45 కోడు) కొలిచి కూడితే పొడవు సరిగ్గా వస్తుంది.

పాత టోపోషీట్లు (సర్వే పటాల కాగితాలు) కూడా అక్కడే చిరుగుతాయి. కాశీనగర్ 65 ఎన్‌లో, పర్లాకిమిడి 74 బీలో. ఈ దారికి ఆ గీత శని.

మ్యాపు_మాస్టారు

గుణుపురం బాబూ, జోన్ల సంగతి నిజమే గాని, పొడవు తేడాకి శని అది కాదు. లెక్క చూడండి.

యూటీఎంలో జోన్ మధ్య గీత దగ్గర కొలత 0.9996 రెట్లు ఉంటుంది, అంచుకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. మన అక్షాంశంలో, అంటే 19 డిగ్రీల దగ్గర, సరిగ్గా 84 డిగ్రీల అంచున అది సుమారు 1.0008. కిలోమీటరుకి 80 సెంటీమీటర్ల పైచిలుకు ఎక్కువ చూపిస్తుందన్నమాట. 15 కిలోమీటర్ల దారికి 12, 13 మీటర్లు. ముక్కలు చేసినా చెయ్యకపోయినా ఆ తప్పు అంతే, ఎందుకంటే గీతకి ఇటూ అటూ రెండు జోన్లకీ అది అంచే. 3.7 కిలోమీటర్ల తేడాకి కారణం వేరే చోట ఉంది.

ఆ గీత నిజంగా చేసిన తప్పు రెండోది ఒక్కటే. దాంతో మొదలుపెడతాను, అది చిన్నది.

*ఆఫీసు లిస్టు.* యూటీఎం అంకెలకి జోన్ రాయకపోతే వీధి పేరు రాసి ఊరి పేరు రాయనట్టే. ప్రతి జోన్‌లోనూ అవే అంకెలు మళ్లీ వస్తాయి. జోన్ 45 అంకెని 44 అనుకుంటే పాయింటు అదే అక్షాంశం మీద సరిగ్గా 6 డిగ్రీలు పడమటికి జరుగుతుంది. 84.09 లోంచి 6 తీస్తే 78.09. అందుకే పర్లాకిమిడి నిజామాబాద్‌కి వెళ్లింది. 83.87కి 6 కలిపితే 89.87, అక్కడ సముద్రమే. మీ 22 వరసల్లో రెండు జోన్లూ కలిసిపోయాయి. ఆ రాసినాయన జీపీఎస్ గీత దాటగానే తనే జోన్ మార్చుకుంది, ఆయన అంకెలు మాత్రమే ఎక్కించుకున్నాడు.

విడగొట్టడం తేలిక. ఈ ప్రాంతంలో గీత మీద ఈస్టింగ్ జోన్ 44లో సుమారు 8,16,000, జోన్ 45లో సుమారు 1,84,000. కాబట్టి 8తో మొదలైనవి 44, 1తో మొదలైనవి 45. ఎక్సెల్‌లోనే జోన్ అని ఒక కాలమ్ పెట్టి రెండు సీఎస్‌వీలుగా దాచండి. ఒకదాన్ని 32644తో, ఇంకోదాన్ని 32645తో తెచ్చి, రెండిటినీ రీప్రాజెక్ట్ లేయర్‌తో 4326కి (మామూలు అక్షాంశ, రేఖాంశాలకి) మార్చి, తరవాత కలపండి. సరిచూసుకోవడానికి ఒక కిటుకు: గీత మీదే ఉన్న పాయింటుకి రెండు జోన్ల ఈస్టింగులు కూడితే సరిగ్గా 10 లక్షలు రావాలి, నార్తింగ్ రెండిట్లోనూ ఒకటే ఉండాలి.

ఇక్కడ చాలామంది జారేది ఒకటుంది. సీఆర్ఎస్ అంటే అంకెలు ఏ పద్ధతిలో ఉన్నాయో చెప్పే గుర్తు. లేయర్ మీద కుడి క్లిక్ కొట్టి 'సెట్ లేయర్ సీఆర్ఎస్' అంటే అంకెలు మారవు, వాటి అర్థం మాత్రమే మారుతుంది. అంకెలే మారాలంటే రీప్రాజెక్ట్ చెయ్యాలి, లేదా ఎక్స్‌పోర్ట్‌లో వేరే సీఆర్ఎస్ ఎంచాలి. తప్పు జోన్‌లో ఉన్న లేయర్‌ని రీప్రాజెక్ట్ చేస్తే ఆ తప్పు కొత్త ఫైల్లోకి పదిలంగా చేరుతుంది.

*ఇక 15.7.* వెనకాల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటం వేసుకున్నారు కదా? అదే మొదట వేస్తే ప్రాజెక్ట్ సీఆర్ఎస్ 3857, అంటే వెబ్ మెర్కేటర్ అవుతుంది. గీతని దాచేటప్పుడు ఎక్స్‌పోర్ట్ పెట్టెలో 'ప్రాజెక్ట్ సీఆర్ఎస్' ఎంచుకుని ఉంటారు. వెబ్ మెర్కేటర్‌లో మీటరు మీటరు కాదు. భూమధ్యరేఖ దగ్గరే నిజం, పైకి వచ్చేకొద్దీ సాగుతుంది. మన దగ్గర దాదాపు 6 శాతం సాగుతుంది. 15.7ని 1.06తో భాగిస్తే 14.8. మీ దారి పొడవు దాదాపు అదే అయ్యుండాలి.

ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో రెండు రకాల లెంగ్త్‌లున్నాయి. బ్రాకెట్‌లో జామెట్రీ ఇచ్చి రాసే లెంగ్త్ లేయర్ ఏ సీఆర్ఎస్‌లో ఉంటే ఆ యూనిట్లలో, చదును కాగితం మీద కొలిచినట్టు కొలుస్తుంది. లేయర్ 4326లో ఉంటే మీటర్లు కాదు, డిగ్రీలు ఇస్తుంది. ముందు డాలర్ గుర్తు పెట్టి రాసే లెంగ్త్ గుండ్రటి భూమి మీద కొలుస్తుంది, దానికి జోన్‌తో పని లేదు. ప్రాజెక్ట్ ప్రాపర్టీస్, జనరల్‌లో ఎలిప్సాయిడ్ (కాస్త నొక్కిన బంతిలాంటి భూమి ఆకారపు లెక్క) డబ్ల్యూజీఎస్ 84 అని ఉందో లేదో, యూనిట్లు మీటర్లో కాదో ఒకసారి చూడండి. ఎలిప్సాయిడ్ 'నన్' అని ఉంటే ఇది కూడా చదునుగానే కొలుస్తుంది. స్కేల్ బొమ్మ ఉన్న మెజర్ పనిముట్టులో కూడా కార్టీసియన్, ఎలిప్సాయిడల్ అని రెండు బటన్లుంటాయి, ఎలిప్సాయిడల్ మీద ఉంచండి.

జీడితోట_45

మాస్టారు మొదటి ఇబ్బందిలో సగమే చెప్పారు. 17.9, 14.2 ఎందుకొచ్చాయో నేను చెప్తాను. అవి పటం తప్పులు కావు, రికార్డింగ్ తప్పులు.

ఫోన్ సాధారణంగా ఎక్కువే చూపిస్తుంది. మనిషి చెట్టు కింద కూర్చున్నా జీపీఎస్ కూర్చోదు. ప్రతి సెకనూ పాయింటు అరమీటరో ముప్పావు మీటరో అటూ ఇటూ ఊగుతుంది, యాప్ ఆ ఊపులన్నీ కూడుతుంది. 35 నిమిషాల విరామం అంటే 2,100 పాయింట్లు. ఒక్కో దానికి 60 సెంటీమీటర్లు వేసుకున్నా 1,260 మీటర్లు, అడుగు తీసి అడుగు వెయ్యకుండానే! రెండు విరామాలకి రెండున్నర కిలోమీటర్లు పోయాయి. మిగతాది నడుస్తున్నప్పటి ఊగిసలాట. జీడితోటలో, వెదురు కింద, బండరాయి గోడల పక్కన సంకేతం తగిలి తిరిగొచ్చే చోట అది ఇంకా ఎక్కువ.

చేతి జీపీఎస్ ఆటో దీనికి తిరగేసింది. తిన్నగా వెళ్తున్నానని అది అనుకున్నప్పుడు పాయింట్లు తగ్గించేస్తుంది. కొండ వంపుల్లో ఒక పాయింటు నుంచి ఇంకో పాయింటుకి గీత మూలని కోసుకుంటూ పోతుంది. ఇంకోటి, లోయలో సంకేతం పోయి మళ్లీ దొరికినప్పుడు ట్రాక్ కొత్త సెగ్మెంట్‌గా మొదలవుతుంది, ఆ మధ్య ఖాళీ పొడవులో కలవదు.

ఫోన్ ట్రాక్ ఇలా శుభ్రం చెయ్యండి:

1. జీపీఎక్స్‌ని లాగి వదిలితే లేయర్ల జాబితా అడుగుతుంది. 'ట్రాక్స్' వద్దు, 'ట్రాక్ పాయింట్స్' తీసుకోండి. టైము, ఎత్తు అందులోనే ఉంటాయి.

2. దాన్ని జియోప్యాకేజీగా (దిద్దుకోగల మ్యాపు ఫైలుగా), 32645లో ఎక్స్‌పోర్ట్ చెయ్యండి. జీపీఎక్స్‌ని ఉన్నచోటే దిద్దడం కుదరదు. గీతకి పడమటి పాయింట్లు కూడా 45లోనే ఉండనివ్వండి, ఏం కాదు. జోన్ అంచు అంటే గోడ కాదు.

3. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో 'వెనకటి దూరం' అని కొత్త కాలమ్. గెట్ ఫీచర్ బై ఐడీ ఫంక్షన్‌తో ఒక నంబరు వెనక ఉన్న పాయింటుని పట్టుకుని, దాని జామెట్రీకీ ఈ పాయింటు జామెట్రీకీ మధ్య డిస్టెన్స్. అలాగే టైముల తేడా సెకన్లలో. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వేగం.

4. కొండ దారిలో నడక గంటకి 3, 4 కిలోమీటర్లు. సెకనుకి 2.5 మీటర్లు దాటినవి ఎగిరిన పాయింట్లు, తీసెయ్యండి. తీశాక మూడో అడుగు మళ్లీ చెయ్యాలి, లేకపోతే పోయిన పాయింటుతో కట్టిన లెక్కలు అలాగే ఉండిపోతాయి. నంబర్లు వరస తప్పుతాయి కాబట్టి ఇంకో జియోప్యాకేజీగా దాచి, పాత ఎఫ్ఐడీ (పాయింటు నంబరు) కాలమ్ వదిలేసి, కొత్త నంబర్లు రానివ్వండి.

5. విరామాలు కంటికే తెలుస్తాయి, పిచ్చుక గూడులా ముద్దగా ఉంటాయి. ముద్దకి ఒక పాయింటు ఉంచి మిగతావి చెరపండి. 9 ఫైళ్లకి ఇది చేత్తో అయ్యే పనే.

6. పాయింట్స్ టు పాత్‌తో గీత కట్టి, సింప్లిఫై (చిన్న వంకరలు తీసేసేది) 4 లేదా 5 మీటర్లతో. ఇది మీటర్ల లేయర్ మీదే చెయ్యండి. 4326 లేయర్ మీద 5 అని కొడితే 5 డిగ్రీలు అనుకుంటుంది, దారంతా రెండు చుక్కల మధ్య ఒక్క గీత అయిపోతుంది. డిగ్రీల్లో 5 మీటర్లంటే 0.000045.

సింప్లిఫై ఎప్పుడూ పొడవుని తగ్గిస్తుందే గాని పెంచదు. 20, 30 మీటర్లు పెడితే వంపులు పోయి ఆటో ట్రాక్‌లాగే తక్కువ చూపిస్తుంది. 5 మీటర్లు దాటొద్దు.

మీరు చేత్తో చెరిపింది పెద్ద గీతలే అనుకుంటాను. 15.7లో ఎంత మెర్కేటర్ సాగుడో, ఎంత మిగిలిన ఊగుడో ఇలా చేస్తే తేలుతుంది.

మ్యాపు_మాస్టారు

బాగా చెప్పారు. రెండో అడుగుకి ఒక సవరణ. ఇలాంటి గీత మీది పనికి సొంత ప్రొజెక్షన్ కట్టుకోవచ్చు. సెట్టింగ్స్, కస్టమ్ ప్రొజెక్షన్స్‌లో ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్, మధ్య రేఖాంశం 84, స్కేలు 1, ఫాల్స్ ఈస్టింగ్ 5,00,000, డేటమ్ డబ్ల్యూజీఎస్ 84. అప్పుడు దారంతా జోన్ నడిమధ్యలో ఉంటుంది. మధ్య గీతకి అటూ ఇటూ 30 కిలోమీటర్ల లోపు తప్పు కిలోమీటరుకి ఒక సెంటీమీటరు పైచిలుకు, అంతే. కానీ ఆ అంకెలు ఇంటి అంకెలు. ఆఫీసుకి వెళ్లే కాగితం మీద అక్షాంశ, రేఖాంశాలే వెయ్యండి, దశాంశంలో, ఆరు స్థానాలతో.

దశాంశంలోనే అని ఎందుకంటున్నానంటే, 18 డిగ్రీల 46 నిమిషాల 30 సెకన్లని ఎవరో ఒకరు 18.4630 అని కొడతారు. అసలు విలువ 18.775. తేడా 34 కిలోమీటర్లు, పర్లాకిమిడి పాయింటు నరసన్నపేట వైపు పోతుంది. నిజామాబాద్ అయితే చూడగానే తెలుస్తుంది. ఇది తెలీదు, అదీ ప్రమాదం.

తంపర_నోటుబుక్కు

మూడు, నాలుగు ఎవరూ ముట్టుకోలేదు.

తేదీలు: జీపీఎక్స్‌లో టైము యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మన టైముకి అయిదున్నర గంటలు వెనక. పొద్దున్న 5:10కి బయల్దేరితే ఫైల్లో నిన్నటి తేదీ, 23:40 అని ఉంటుంది. 5:30కి అక్కడ తేదీ మారుతుంది. అంటే అయిదున్నర లోపు మొదలైన నడకలు రెండేసి ముక్కలవుతాయి. మీ 9లో 4 అలా చీలి 13 అయ్యాయి. టైము కాలమ్‌కి టు ఇంటర్వెల్‌తో 5 గంటల 30 నిమిషాలు కలిపి కొత్త కాలమ్ చెయ్యండి, తేదీ దాంట్లోంచి తీయండి. కలపక ముందు మొదటి పాయింటు టైముని మీ నోటుబుక్కుతో పోల్చండి. అప్పటికే లోకల్ టైము చూపిస్తుంటే ఇంకో అయిదున్నర కలిపి చెడగొట్టకండి.

సాలెగూడు: ట్రాక్ నంబరు, సెగ్మెంట్ నంబరు ప్రతి ఫైల్లోనూ సున్నా నుంచే మొదలవుతాయి. ఫైళ్లు కలిపి ట్రాక్ నంబరు మీద గ్రూప్ చేస్తే 9 రోజుల సున్నాలూ ఒకే దారి అయిపోతాయి. రోజు ముగిసిన చోటు నుంచి మర్నాడు మొదలైన చోటుకి గీత లాగేస్తుంది. ఫోన్, చేతి జీపీఎస్ కలిపి టైము వరసలో పెడితే ఇంకా ఘోరం, రెండు పరికరాల మధ్య రంపపు పళ్లలా వస్తుంది. మర్జ్ వెక్టర్ లేయర్స్ తనే 'లేయర్' అని ఒక కాలమ్ కలుపుతుంది, ఏ ఫైలు నుంచి వచ్చిందో అందులో ఉంటుంది. గ్రూప్ ఎక్స్‌ప్రెషన్‌లో లేయర్, ట్రాక్ నంబరు, సెగ్మెంట్ నంబరు మూడూ అతికించి ఇవ్వండి. కలిపే ముందే ఫైళ్లకి పరికరం పేరు, తేదీ ఉండేలా పేర్లు పెట్టండి.

వరస టైము మీద పెట్టండి. పాయింటు నంబరు మీద పెడితే, ఆ కాలమ్ టెక్స్ట్‌గా మారిపోయి ఉంటే 1, 10, 100, 2 అని వస్తుంది, గీత దెయ్యం పట్టినట్టు తిరుగుతుంది.

టైమే లేని ట్రాకులు కూడా తగులుతాయి. పాత చేతి జీపీఎస్‌లు కొన్ని 'సేవ్' నొక్కగానే పాయింట్లు కుదించి, టైము తీసేసి దాస్తాయి. సేవ్ చేసినదాన్ని కాకుండా నడుస్తున్న లాగ్‌ని కాపీ చేసుకోండి.

కిమిడి_కాలిబాట

అందరికీ దండాలు. చేసి చూశాను.

లిస్టు సరిపోయింది, 22 పాయింట్లూ దారి మీదే ఉన్నాయి. తేదీలు 9 అయ్యాయి. గూడు పోయింది.

15.7 గీత నిజంగానే 3857లో ఉంది. డాలర్ లెంగ్త్‌తో అదే గీత 14.83. ఫోన్ ట్రాక్ మొదటినుంచీ శుభ్రం చేస్తే 14.9. చేతి జీపీఎస్ ఖాళీలని తిన్నటి గీతలతో కలిపితే 14.6.

రెండు సందేహాలు మిగిలాయి. ఇదంతా పై నుంచి చూసిన పొడవే కదా, ఎక్కుడు దిగుడు కలిపితే చాలా పెరుగుతుందా? ఎత్తుల్లో ఫోన్‌కీ చేతి జీపీఎస్‌కీ దారంతా 60, 70 మీటర్ల తేడా ఉంది, ఫోనే తక్కువ చూపిస్తోంది.

జీడితోట_45

వాలు వల్ల పెరిగేది మనం అనుకున్నంత కాదు. 100 మీటర్లకి 15 మీటర్లు ఎక్కే దారిలో 1.1 శాతం. 30 మీటర్లు ఎక్కే నిటారు దారిలో 4.4 శాతం. మొత్తం దారికి సగటు తీస్తే 200, 300 మీటర్లు దాటకపోవచ్చు. కాగితం మీద 'సుమారు 15 కిలోమీటర్లు, సమతల పొడవు' అని రాయండి. 14.87 అని రాస్తే ఆ 7ని సమర్థించుకోవాల్సింది మీరే.

మ్యాపు_మాస్టారు

ఎత్తుల తేడా పరికరాల తప్పు కాదు. చాలా ఫోన్ యాప్‌లు ఎలిప్సాయిడ్ మీది నుంచి ఎత్తుని రాస్తాయి. చేతి జీపీఎస్ సముద్రమట్టం నుంచి రాస్తుంది. మన తీరంలో సముద్రమట్టపు ఉపరితలం ఎలిప్సాయిడ్ కంటే అరవై డెబ్బై మీటర్లు కిందికి ఉంది. అందుకే బీచ్‌లో నిలబడితే కొన్ని యాప్‌లు మైనస్ అరవై పైన చూపిస్తాయి.

సరిచూసుకోవడానికి రైల్వే స్టేషన్ బోర్డు చాలు. పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. పర్లాకిమిడి స్టేషన్‌లో బోర్డు పక్కన రెండు పరికరాలూ పది నిమిషాలు ఉంచి సగటు తీయండి. చేతి జీపీఎస్ 5, 10 మీటర్ల లోపు రావాలి. ఫోన్‌కి వచ్చిన తేడాని దాని పాయింట్లన్నిటికీ ఒకేసారి కలిపెయ్యండి. ఈ కొద్ది దూరంలో ఆ తేడా పెద్దగా మారదు.

'మొత్తం ఎక్కిన ఎత్తు' అని యాప్ ఇచ్చే అంకెని మాత్రం వాడొద్దు. అదీ విరామపు ఊగుడు లాంటిదే, నిలువుగా. ఎస్ఆర్‌టీఎం 30 మీటర్ల ఎత్తుల రాస్టర్ (గళ్ల పటం) తెచ్చుకుని, శుభ్రం చేసిన గీత మీద డ్రేప్ (గీతకి ఆ ఎత్తులు అంటించే పనిముట్టు) నడిపితే పోల్చుకోవడానికి పనికొస్తుంది. 2000 ఫిబ్రవరిలో షటిల్ నుంచి కొలిచినది అది. చెట్ల కొమ్మలు కూడా నేలే అనుకుంటుంది, ఇరుకు లోయల్ని పూడ్చేస్తుంది.

గుణుపురం_బండి

మాస్టారూ, గీతని అనవసరంగా తిట్టాను, సరే. తమ్ముడూ, మళ్లీ నడిచేటప్పుడు చేతి జీపీఎస్‌ని ఆటోలోంచి తీసి దూరం 10 మీటర్లకి పెట్టు. ఫోన్‌ని 5 సెకన్లకి పెట్టి, విరామంలో పాజ్ నొక్కు, ఆ యాప్‌కి బ్యాటరీ పొదుపు ఆపెయ్యి. లేకపోతే తెర ఆరిన కాసేపటికి యాప్ నిద్రపోతుంది, కొండ మీదుగా తిన్నటి గీత పడుతుంది. బయల్దేరే ముందు ఆరుబయట అయిదు నిమిషాలు ఉంచాకే రికార్డింగ్ మొదలుపెట్టు. మొదటి వంద పాయింట్లే ఎక్కువగా చెడిపోతాయి.